నిప్పురవ్వను మింగే వాయువు

రాత్రిపూట గదిలో దీపాలన్నీ ఆర్పేసి, చివరికి ఫాను స్విచ్చి కట్టేటప్పుడు ఎప్పుడైనా దానికేసి చూశారా? స్విచ్చి సందులోంచి చిన్న నీలపు మెరుపు తటాలున మెరిసి మాయమవుతుంది. స్విచ్చి అంటే రెండు లోహపు ముక్కలే కదా. అవి ఆనుకుని ఉంటే కరెంటు ప్రవహిస్తుంది, విడిపోతే ఆగిపోతుంది అని పాఠంలో చదువుకున్నాం. కాని నిజానికి కరెంటు అంత బుద్ధిగా ఆగదు. ముక్కలు ఎడమవుతున్నా, మధ్యనున్న గాలిలోంచి ఒక్క దూకు దూకి అవతలి ఒడ్డుకు చేరాలని చూస్తుంది. ఆ దూకుడే మీకు కనిపించిన మెరుపు.

ఇంట్లో ఉండేది 230 వోల్టులు. ఊరి బయట ఇనుప కంచె వేసిన సబ్‌స్టేషన్‌లో ఉండేది 1,32,000 వోల్టులో, 2,20,000 వోల్టులో. పెద్ద సబ్‌స్టేషన్లలో అయితే 4,00,000 వోల్టులు. అక్కడ కూడా స్విచ్చిలుంటాయి. వాటిని సర్క్యూట్ బ్రేకర్లంటారు. ఎక్కడో తీగ తెగిపడినప్పుడు, పిడుగు పడినప్పుడు, లైనును వెంటనే విడదీయడం వాటి పని. అలాంటి చోట లోహపు ముక్కలు విడిపోతే పుట్టేది మిణుగురు మెరుపు కాదు, నిప్పుకంబం. దాన్ని ఆర్క్ అంటారు. దాని వేడి 15,000 నుంచి 20,000 డిగ్రీల దాకా పోతుంది. సూర్యుడి ఉపరితలం మీద ఉండే వేడి 5,500 డిగ్రీలే సుమా! ఈ నిప్పుకంబాన్ని ఆర్పకపోతే రాగీ ఉక్కూ కూడా ఆవిరైపోతాయి. పోనీ తీరిగ్గా ఆర్పుదామా అంటే, అందుకు దొరికే వ్యవధి సెకనులో సుమారు ఇరవయ్యో వంతు!

నీళ్ళతో ఆరే నిప్పు కాదిది. పూర్వం బ్రేకర్లను నూనెలో ముంచి ఉంచేవారు. ఆ పద్ధతి బాగానే పనిచేసింది కాని, ఒక్కొక్కప్పుడు నూనె తొట్టే పేలి అంటుకునేది. తర్వాత, బాగా అదిమిపెట్టిన గాలిని ఒక్కసారిగా వదిలి ఆర్క్‌ను ఊదేసే బ్రేకర్లు వచ్చాయి. అవి పనిచేసినప్పుడల్లా ఫిరంగి పేలినట్టు మోత. ఇరుగుపొరుగు వాళ్ళు ఉలిక్కిపడేవారు. 1950ల నుంచి ఈ పనికి ఒక వాయువు వచ్చింది. దాని పేరు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. విద్యుత్ శాఖలో పనిచేసేవాళ్ళెవరూ ఇంత పొడుగు పేరు పలకరు. "ఎస్సెఫ్ సిక్స్ గ్యాసు" అంటారు. మనమూ ఎస్.ఎఫ్.6 అనే అందాం.

ఉగ్రమూర్తికి పుట్టిన సాధువు

ఈ వాయువు పుట్టుక విచిత్రమైనది. ఫ్లోరిన్ అనే మూలకం ఉంది. మూలకాలలో అంతటి ఉగ్రమూర్తి మరొకటి లేదు. కనపడిన ప్రతిదానితోనూ తగువు పెట్టుకుంటుంది. గాజును తినేసే ఆమ్లం కూడా దాని సంతానమే. దాన్ని దాని సమ్మేళనాలనుంచి విడదీసి పట్టుకోవాలని ప్రయత్నించిన రసాయన శాస్త్రజ్ఞులు కొందరు ఆ విషానికి జబ్బు పడ్డారు, కొందరు ప్రాణాలే కోల్పోయారు. చివరికి 1886లో హెన్రీ మ్వాసాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దాన్ని లొంగదీశాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దం ముగిసే వేళకు మ్వాసాన్, ఆయన సహచరుడు పాల్ లెబో కలిసి గంధకాన్ని ఫ్లోరిన్‌లో మండించారు. ఏం పుట్టి ఉంటుందనుకుంటున్నారు? అంతటి కోపిష్టి కడుపున పుట్టింది గనక అది కూడా ప్రళయం సృష్టిస్తుందనుకుంటాం. కాని పుట్టింది పరమ సాధువు. రంగు లేదు. వాసన లేదు. మండదు, మండనివ్వదు. నీటిలో సరిగ్గా కరగను కూడా కరగదు. దేనితోనూ జోలి పెట్టుకోదు.

దీనికి కారణం ఆ అణువు కట్టుబడిలో ఉంది. నడిమధ్యన ఒక గంధకపు పరమాణువు. దానికి నాలుగు దిక్కులా నాలుగు ఫ్లోరిన్లు, పైన ఒకటి, కింద ఒకటి. గంధకానికి ఉన్న ఆరు చేతుల్నీ ఆరు ఫ్లోరిన్లు గట్టిగా పట్టేసుకున్నాయన్న మాట. ఇంక కొత్తవాళ్ళతో చేయి కలపడానికి గంధకానికి చేయి ఖాళీ లేదు, ఫ్లోరిన్‌కు కోరిక లేదు.

అణువు బరువు కూడా చూడండి. గంధకం 32, ఫ్లోరిన్లు ఆరు పందొమ్ములు 114, మొత్తం 146. మనం పీల్చే గాలి సగటు బరువు 29. అంటే ఈ వాయువు గాలికి అయిదు రెట్లు బరువు. ఈ ఒక్క అంకె గుర్తుంచుకోండి. మున్ముందు దీనితో పని పడుతుంది.

ఎలక్ట్రానుల కబడ్డీ

గాలి విద్యుద్బంధకం అంటారు గదా, మరి దానిలోంచి మెరుపు ఎలా దూకుతుంది? గాలిలో ఎప్పుడూ కొన్ని ఎలక్ట్రానులు ఒంటరిగా తిరుగుతూ ఉంటాయి. వోల్టేజి ఎక్కువైతే అవి వేగం పుంజుకుని పరుగెత్తుతాయి. దారిలో ఒక అణువును ఢీకొని దానిలోంచి మరో ఎలక్ట్రానును ఊడగొడతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది... కన్ను మూసి తెరిచేలోపల వరదవుతుంది. ఆ వరదే మెరుపు. ఒక్కొక్క మిల్లీమీటరు గాలి సుమారు 3,000 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. అది దాటితే కట్ట తెగుతుంది.

ఎస్.ఎఫ్.6 లో ఏం జరుగుతుందో తెలియాలంటే కబడ్డీ ఆట గుర్తు తెచ్చుకోండి. కూతకు వచ్చినవాడు పరుగు అందుకోకముందే పట్టేస్తే వాడి ఆట కట్టు. ఫ్లోరిన్‌కు ఎలక్ట్రానులంటే వల్లమాలిన ఆశ. ఒంటరి ఎలక్ట్రాను దగ్గరకు రాగానే ఈ అణువు దాన్ని పట్టి తనకు తగిలించుకుంటుంది. ఎలక్ట్రాను ఎంత చురుకైనదైనా, అంత బరువును మోసుకుంటూ ఏం పరుగెత్తగలదు? అందుకే వరద మొదలే కాదు. మామూలు పీడనం దగ్గరే ఈ వాయువు గాలికంటే రెండున్నర, మూడు రెట్లు వోల్టేజిని ఆపుతుంది. పెట్టెలో అయిదారు వాతావరణాల పీడనానికి కుక్కి పెడితే మరెన్నో రెట్లు ఆపుతుంది.

మరి రాజుకున్న ఆర్క్‌ను ఆర్పడం? అక్కడ కమ్మరి కొలిమిలోని తిత్తి పనికొస్తుంది. కమ్మరి తిత్తి నిప్పును రాజేస్తుంది, ఇక్కడి తిత్తి ఆర్పుతుంది. అంతే తేడా! బ్రేకరులో లోహపు ముక్క వెనక్కి జరిగేటప్పుడు దానితోపాటు ఒక పిస్టను గ్యాసును అదిమి, సన్నని మూతిలోంచి ఆర్క్ మీదికి ఊదుతుంది. మన కరెంటు ఏకధారగా ప్రవహించదు. సెకనుకు 50 ఆవృత్తాల కరెంటు, సెకనుకు వందసార్లు సున్నకు దిగి మళ్ళీ లేస్తుంది. సరిగ్గా అది సున్నకు దిగిన క్షణంలో గ్యాసు వేడిని లాగేసి, మిగిలిన ఎలక్ట్రానులను పట్టేసుకుంటుంది. మళ్ళీ లేద్దామని చూసిన ఆర్క్‌కు దారి ఉండదు.

దీనివల్ల ఒక గొప్ప సౌకర్యం కలిగింది. గాలి మధ్య తీగలు కట్టాలంటే వాటి నడుమ గజాల కొద్దీ ఎడం కావాలి. కాబట్టి సబ్‌స్టేషన్‌కు ఎకరాల స్థలం కావాలి. అదే తీగలను లోహపు గొట్టాల్లో ఉంచి, చుట్టూ ఎస్.ఎఫ్.6 నింపితే, సబ్‌స్టేషన్ మొత్తం ఒక హాలులో ఇమిడిపోతుంది. స్థలం అయిదో వంతో, పదో వంతో సరిపోతుంది. జాగా బంగారమైపోయిన నగరాల్లో ఇది వరమే. హైదరాబాదు రాయదుర్గంలో 4,00,000 వోల్టుల సబ్‌స్టేషన్ ఇలాంటిదే. సముద్రతీరంలో ఉప్పుగాలికి పింగాణీ దిమ్మలు పాడయ్యే బాధ కూడా గొట్టాల్లోని తీగలకు లేదు.

బావిలో దిగేవాళ్ళకు తెలిసిన సంగతి

ఇంత మంచి వాయువే గాని, దానితో మసలడం తెలియాలి. విషం కాదు కదా, వాసన కూడా లేదు కదా అని ధీమాగా ఉంటే అదే ప్రాణం మీదికి తెస్తుంది.

పల్లెల్లో పాతబావి పూడిక తీసేవాళ్ళను అడగండి. చాలాకాలం మూతపడి ఉన్న బావిలో దిగేముందు అనుభవం ఉన్న పెద్దలు ముందుగా ఒక లాంతరును తాడు కట్టి దించుతారు. లాంతరు ఆరిపోయిందా, ఎవర్నీ దిగనివ్వరు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైన బొగ్గుపులుసు వాయువు అడుగున మడుగు కట్టి ఉంటుంది. ఒకటిన్నర రెట్లు బరువైన వాయువే ఇంత పని చేస్తే, అయిదు రెట్లు బరువైనది ఎంత చేస్తుంది?

చిన్న లెక్క వేద్దాం. సబ్‌స్టేషన్లలో నేల కింద కేబుళ్ళు వేయడానికి గోతులు, కందకాలు ఉంటాయి. ఒక గొయ్యి పొడవు 2 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, లోతు 2 మీటర్లు అనుకోండి. ఘనపరిమాణం 8 ఘనపు మీటర్లు. ఎస్.ఎఫ్.6 ఒక ఘనపు మీటరు సుమారు 6 కిలోలు తూగుతుంది. అంటే 48 కిలోల గ్యాసు ఆ గొయ్యిని అంచులదాకా నింపేస్తుంది. అది ఒకే ఒక్క సిలిండరులో పట్టే గ్యాసు! గొయ్యి పూర్తిగా నిండనక్కర లేదు కూడా. మూడో వంతు గ్యాసు కలిసినా చాలు, గాలిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 14 శాతానికి పడిపోతుంది. 19.5 శాతానికి తగ్గిన చోటికి మనుషులు వెళ్ళరాదని భద్రతా నియమం.

"ఊపిరాడకపోతే తెలియదా, బయటికి వచ్చేయమూ?" అని మీరు అడగవచ్చు. తెలియదు! ఇక్కడే అసలు మోసం ఉంది. ఊపిరి బిగబట్టి చూడండి. కాసేపటికి గుండెల్లో గాబరా పుడుతుంది. ఆ గాబరా ఆక్సిజన్ తగ్గినందుకు పుట్టింది కాదు, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకున్నందుకు పుట్టింది. మన శరీరం ముఖ్యంగా కాపలా కాసేది దాన్నే. ఎస్.ఎఫ్.6 నిండిన గోతిలో మీరు ఊపిరి మామూలుగానే తీస్తారు, వదులుతారు. బొగ్గుపులుసు వాయువు ఎప్పటిలాగే బయటికి పోతూ ఉంటుంది. కాబట్టి గంట మోగదు. ఆక్సిజన్ బొత్తిగా లేని చోట నాలుగైదు ఊపిర్లలోనే మనిషి హెచ్చరిక లేకుండా కూలిపోవచ్చు. పైన ఉన్నవాడు "అయ్యో, పడిపోయాడే" అని ఆదుర్దాగా దిగుతాడు. వాడూ పడిపోతాడు. బావుల్లో ఒకరి వెనక ఒకరు పోయిన వార్తలు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. అందుకే పనివాళ్ళకు మొదట నేర్పే పాఠం ఇది: పడిపోయినవాణ్ణి చూసి వెంటనే దిగకు. పైనుంచి కేక వెయ్యి, గాలి సిలిండరు వీపున కట్టుకున్నవాడే దిగాలి.

ఈ గదుల్లో గాలి లాగే ఫానులు పైకప్పు దగ్గర ఉండవు, నేలకు ఆనుకుని ఉంటాయి. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. గోతిలో దిగేముందు ఆక్సిజన్ మీటరును తాడుతో అడుగుదాకా దించి చూస్తారు. మరి లాంతరు ఎందుకు దించరు? ఈ గ్యాసున్న చోట నిప్పు పనికిరాదు గనక. బీడీ, సిగరెట్టు కూడా నిషేధమే. ఆ సంగతి ఇప్పుడే చెబుతాను. దానికి ముందు ఇంకొక్క మాట.

ఈ గ్యాసు పీల్చి మాట్లాడితే గొంతు రాక్షసుడి గొంతులా బొంగురుపోతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు పోతే, దీనిలో పోయేది 135 మీటర్లే. అందువల్ల గొంతులోపలి అనునాదం మందగించి స్వరం కిందికి దిగుతుంది. కొందరు ఈ తమాషా చేసి వీడియోలు తీస్తారు. చూసి నవ్వుకోండి, కాని చేయవద్దు. పీల్చిన ప్రతి లీటరూ మీ ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను నెట్టేసి కూర్చునే లీటరే. అందులోనూ బరువైనది, హీలియంలా తేలిగ్గా పైకి లేచి పోయేది కాదు.

సాధువుకు కోపం వస్తే

ఆర్క్ వేడికి ఎస్.ఎఫ్.6 అణువు కూడా తట్టుకోలేదు. ముక్కలు ముక్కలైపోతుంది. చల్లారగానే ఆ ముక్కలు చాలామటుకు మళ్ళీ కలుసుకుని యథాప్రకారం ఎస్.ఎఫ్.6 అయిపోతాయి. ఇది ఈ వాయువుకున్న మరో గొప్ప గుణం. లేకుంటే బ్రేకరు పనిచేసినప్పుడల్లా గ్యాసు మార్చాల్సి వచ్చేది. కాని కొన్ని ముక్కలు పాత ఇంటికి తిరిగి రావు. పెట్టెలో కాస్త తేమ ఉన్నా, లోహపు ఆవిరి ఉన్నా వాటితో కలిసిపోతాయి. అప్పుడు పుట్టేవి గంధకపు ఫ్లోరైడులు, సల్ఫర్ డయాక్సైడ్, దుర్మార్గమైన హైడ్రోజన్ ఫ్లోరైడు. గాజును తినే ఆమ్లం అని ఇందాక చెప్పానే, అదే. తాతగారి ఉగ్రగుణం మనవడికి వచ్చిందన్న మాట! అది చర్మాన్ని కాల్చి, లోపలికి దిగి, ఎముకల్లోని కాల్షియంతో కూడా తగువు పెట్టుకుంటుంది. అందుకే బ్రేకరు లోపల ఆర్క్ తగిలే చోట్ల గాజు, ఇసుక కలిసిన దిమ్మలు వాడరు. అల్యూమినా పొడి కలిపిన ఎపాక్సీ దిమ్మలు వాడతారు.

వీటితోపాటు లోహపు ఫ్లోరైడులు తెల్లగా, బూడిదరంగుగా మెత్తని పొడిలా గోడలకు అంటుకుని ఉంటాయి. చూస్తే విభూతిలా ఉంటుంది. ముట్టుకుంటే, చేతి చెమట తగిలి ఆమ్లమవుతుంది. సుగుణం ఏమిటంటే ఈ పాడైన గ్యాసుకు వాసన ఉంది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు, ముక్కు మంట. ఆ వాసన వస్తే "ఎక్కడిదబ్బా" అని వెతకకూడదు. బయటికి నడవాలి.

సరే, పదేళ్ళు పనిచేసిన బ్రేకరు పెట్టె ఒకదాన్ని మరమ్మతుకు విప్పుతున్నారు. మనం దూరంగా నిలబడి చూద్దాం. ముందుగా లైను రెండు వైపులా విడదీసి, భూమికి కలిపారు. తర్వాత ఒక చక్రాల బండి వచ్చింది. దానిలో పంపులు, కంప్రెసరు, వడపోత డబ్బాలు ఉన్నాయి. గ్యాసును గాలిలోకి వదలకుండా గొట్టం తగిలించి లాగేస్తున్నారు. అల్యూమినా, జియోలైటు గుళికలున్న డబ్బాల్లోంచి పోతూ గ్యాసు తన విషాన్నీ తేమనూ అక్కడే వదిలి, శుభ్రపడి సిలిండరులోకి చేరుతుంది. పెట్టెలో శూన్యం ఏర్పడేదాకా లాగాక, పొడి నత్రజని నింపి కడిగి, దాన్నీ లాగేస్తారు. అప్పుడు గాలి లోపలికి వదిలి, మూత విప్పి... వెంటనే తల దూర్చరు! ఫానులు వేసి, గాలి ఆడనిచ్చి, మీటరు పెట్టి చూసేదాకా అందరూ దూరంగా ఉంటారు.

ఇప్పుడు లోపలికి వెళ్ళేవాడి వేషం చూడండి. ఒళ్ళంతా కప్పే ఒక్కసారి వాడి పారేసే దుస్తులు, ఆమ్లం సోకని చేతి తొడుగులు, కళ్ళకు అద్దాలు, ముఖానికి వడపోత ముసుగు. గడ్డం పెంచిన మనిషి ఆ రోజు గీయించుకోక తప్పదు. వెంట్రుకల సందు ఉంటే ముసుగు ముఖానికి అతుక్కోదు. పొడిని చీపురుతో ఊడ్వరు, అది లేచి ముక్కులోకి పోతుంది. సన్నని వడపోత ఉన్న వాక్యూం క్లీనరుతో పీలుస్తారు. తుడిచిన గుడ్డలు, వాడిన తొడుగులు, పాత గుళికలు అన్నీ సోడా నీళ్ళలో నానబెడతారు. బట్టలుతికే చాకలి సోడాయే! ఆమ్లానికి క్షారం విరుగుడని మీ బడి పాఠం ఇక్కడ పనికొచ్చింది. పని ముగిసేదాకా ఆ హాలులో అన్నం డబ్బా విప్పడం, టీ తాగడం నిషేధం.

బండలాంటి సిలిండరు, మోసగించే మీటరు

మరమ్మతు అయ్యాక కొత్త గుళికలు పెట్టి, మూత బిగించి, శూన్యం చేసి మళ్ళీ గ్యాసు నింపుతారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. సిలిండరులో గ్యాసు ఎంత మిగిలిందో పీడనం మీటరు చూసి చెప్పలేం. ఎందుకంటే సిలిండరులో ఉన్నది గ్యాసు కాదు, ద్రవం. 20 డిగ్రీల దగ్గర సుమారు 21 వాతావరణాల పీడనంలో అది ద్రవంగా ఉంటుంది. నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా మీటరు అదే అంకె చూపిస్తుంది. ఆఖరి ద్రవపు బొట్టు ఆవిరయ్యాకే ముల్లు దిగుతుంది. మీ వంటింట్లో గ్యాసు బండ సంగతీ ఇంతే. అందుకే గదా, అమ్మ బండను ఊపి చూసేది! ఇక్కడ సిలిండరును కాటా మీద ఉంచి, కిలోల లెక్కన నింపుతారు.

గ్యాసును తొందరగా వదిలితే సిలిండరు చల్లబడి, మూతి మీద మంచు పేరుకుంటుంది. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణాన్ని చుట్టూ ఉన్న లోహంలోంచి లాక్కుంటుంది మరి. ఉత్త చేత్తో పట్టుకుంటే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. ఎండ సంగతి దీనికి పూర్తి వ్యతిరేకం. 45.5 డిగ్రీలు దాటితే ఈ వాయువును ఎంత అదిమినా ద్రవంగా ఉండదు. దాని సంధి ఉష్ణోగ్రత అది. రెంటచింతల, రామగుండం ఎండలు మీకు తెలుసు కదా. అలాంటి చోట సిలిండర్లను ఆరుబయట వదిలేయడం మంచిది కాదు. నీడన, గాలి ఆడే చోట, నిలబెట్టి గొలుసుతో కట్టి ఉంచాలి.

బ్రేకరు పెట్టెలో పీడనం కూడా పొద్దున ఒకలాగ, మధ్యాహ్నం ఒకలాగ ఉంటుంది. వేడికి పీడనం పెరుగుతుంది, గ్యాసు పరిమాణం మాత్రం అంతే. కాబట్టి అక్కడ పీడనం మీటరు కాకుండా, వేడిని మినహాయించి సాంద్రతను కనిపెట్టే సాధనం అమరుస్తారు. గ్యాసు కారి కొంచెం తగ్గితే అది గంట మోగిస్తుంది. ఇంకా తగ్గితే బ్రేకరు తనకు తానే తాళం వేసుకుంటుంది. చాలినంత గ్యాసు లేకుండా నిప్పుకంబంతో తలపడడం ఆత్మహత్యే.

ఒక కిలో, పన్నెండు భూప్రదక్షిణలు

ఇంత జాగ్రత్తగా గ్యాసును బండిలోకి లాగడం దేనికి? హాలు తలుపులు తెరిచి బయటికి వదిలేస్తే, గాలిలో కలిసిపోదా? ఒకప్పుడు చాలాచోట్ల అలాగే చేసేవారు. విషం కాదు, ఓజోన్ పొరను చెరచదు, ఇంకేం భయం అనుకునేవారు.

దేనితోనూ జోలి పెట్టుకోని ఆ సాధుగుణమే కొంప ముంచింది. ఎండకు చెడదు, వానకు కడగబడదు, చెట్లు పీల్చుకోవు. ఒకసారి గాలిలో చేరితే ఉండిపోతుంది. 3,200 ఏళ్ళు ఉంటుందని మొదట లెక్కకట్టారు. ఇటీవలి లెక్కల ప్రకారం సుమారు వెయ్యేళ్ళు. ఏదయినా మనకు శాశ్వతమే! పైగా భూమినుంచి పైకి పోయే వేడిని పట్టి ఉంచడంలో దాన్ని మించింది లేదు. వందేళ్ళ లెక్కన చూస్తే ఒక కిలో ఎస్.ఎఫ్.6, సుమారు 24,000 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం.

ఈ అంకె మనసుకు పట్టాలంటే ఇలా చూడండి. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. 24,000 కిలోలు రావాలంటే పదివేల లీటర్లకు పైగా తగలెయ్యాలి. లీటరుకు 50 కిలోమీటర్లు పోయే మోటారు సైకిలు మీద అది 5,00,000 కిలోమీటర్ల ప్రయాణం. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే పన్నెండు భూప్రదక్షిణలు! ఆ నలభై ఎనిమిది కిలోల సిలిండరును పొరపాటున వదిలేస్తే ఎన్ని ప్రదక్షిణలో మీరే గుణించుకోండి.

గాలిలో ఇది ఉన్నది చాలా కొంచెం. లక్షకోట్ల అణువుల్లో పదకొండో పన్నెండో. కాని ఏటేటా పెరుగుతోంది, తరిగే దారి లేదు. 1997లో జపానులోని క్యోటో నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నప్పుడు అదుపు చేయవలసిన ఆరు రకాల వాయువుల్లో దీన్నీ చేర్చారు. అంతకుముందు దీన్ని ఎక్కడెక్కడ వాడేవారో వింటే నవ్వొస్తుంది. జర్మనీలో కారు టైర్లలో నింపేవారు. నైకీ కంపెనీ పరుగుపందెం బూట్ల మడమల్లో గాలిబుడగగా పెట్టేది. 2006 నాటికి మానేసింది. కంటి డాక్టర్లు మాత్రం ఊడిన రెటీనాను అదిమి నిలపడానికి చిన్న బుడగ ఒకటి కంట్లోకి ఎక్కిస్తారు. ఆ కాస్తదానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

కారుతున్నదో లేదో కనిపెట్టడానికి సబ్బునురగ పూసి బుడగలు చూసే పాతపద్ధతి ఇప్పటికీ ఉంది. సైకిలు షాపువాడు ట్యూబును నీళ్ళలో ముంచి చూసినట్టు. కొత్తగా పరారుణ కెమెరాలు వచ్చాయి. ఈ వాయువు 10.6 మైక్రానుల పరారుణ కిరణాలను బాగా పీల్చుకుంటుంది గనక, కంటికి కనపడని కారుడు ఆ కెమెరాలో నల్లని పొగలా కనిపిస్తుంది. మంచి పెట్టె ఏడాదికి అర శాతానికి మించి కారకూడదని ప్రమాణం.

మరి ఇది లేకుండా పని జరగదా? తక్కువ వోల్టేజీల దగ్గర జరుగుతుంది. మన ప్రాంతంలో ఊళ్ళకు కరెంటిచ్చే 33,000, 11,000 వోల్టుల సబ్‌స్టేషన్లలో చాలామటుకు ఉండేవి వాక్యూం బ్రేకర్లే. శూన్యంలో ఢీకొట్టడానికి అణువులే లేవు గనక ఎలక్ట్రానుల వరద పుట్టదు. ఐరోపా దేశాలు 2024లో చట్టం చేసి, కొత్త పరికరాల్లో ఎస్.ఎఫ్.6 ను అంచెలంచెలుగా మానిపిస్తున్నాయి. 24,000 వోల్టుల వరకు ఉన్నవాటికి 2026 మొదట్నుంచే ఆంక్ష వచ్చింది. అంతకు పైవాటికి వాక్యూంతో పాటు పొడిగాలినీ, బొగ్గుపులుసు వాయువులో మరో ఫ్లోరిన్ సమ్మేళనాన్ని కొద్దిగా కలిపిన మిశ్రమాలనూ వాడుతున్నారు. వాటిలో పొడిగాలి నాకు ముచ్చటగా తోస్తుంది. నూరేళ్ళు చుట్టూ తిరిగి మళ్ళీ గాలి దగ్గరికే వచ్చామన్న మాట! కాని 4,00,000 వోల్టులకు వచ్చేసరికి ఈ పాత సాధువుకు దీటైనవాణ్ణి తయారు చేయడం ఇంకా కష్టంగానే ఉంది.

ఇలాంటి బ్రేకరు ఒకసారి బిగిస్తే ముప్పై నలభై ఏళ్ళు పనిచేస్తుంది. ఇవాళ బిగించినదాన్ని 2060 ప్రాంతాల్లో విప్పుతారు. అప్పటికి ఎస్.ఎఫ్.6 కొత్తగా కొనేవాళ్ళు లేకపోవచ్చు. కాని ఆ పెట్టెలో అది ఉంటుంది. విప్పవలసిన ఇంజనీరు ఇప్పుడు మీ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు. పెట్టెకు పక్కన ఒక లోహపు పలక బిగించి ఉంటుంది. లోపల గ్యాసు ఎన్ని కిలోలు నింపారో దాని మీద రాసి ఉంటుంది. ముందు అది చదివి, తర్వాత బండిని పిలవాలి.